స్వార్జితమా? పిత్రార్జితమా?

2018 మార్చి నెలాఖరున అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్లు పద్నాలుగు గంటల పాటు ఒక ఆపరేషన్ చేశారు. రోగి ఒక సైనికుడు. అఫ్గానిస్థాన్‌లో జరిగిన పేలుడులో అతనికి కాళ్లతో పాటు జననాంగాలూ పోయాయి. చనిపోయిన ఒక దాత శరీరం నుంచి పురుషాంగాన్ని, వృషణాల సంచిని, పొత్తికడుపు గోడలో కొంత భాగాన్ని కలిపి తీసుకొచ్చి అతనికి అమర్చారు. సన్నటి రక్తనాళాలను, నరాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ ఒక్కొక్కటిగా కుట్టారు. అంత పెద్ద ఎత్తున అలాంటి మార్పిడి అంతకుముందు ఎక్కడా జరగలేదు. కానీ ఆ సంచి ఖాళీది. వృషణాలను కావాలనే వదిలేశారు.

చేతకాక వదిలేసింది కాదు. అవి పెడితే ఆ సైనికుడికి పుట్టే బిడ్డలు జన్యువుల లెక్కన దాత బిడ్డలవుతారు. చనిపోయాక తండ్రి కావడానికి ఆ దాత ఒప్పుకున్నాడా? అడుగుదామంటే అతను లేడు. వైద్యనీతి తెలిసినవాళ్లతో చర్చించి, కత్తి పట్టుకోవడానికి చాలా ముందే ఈ గీత గీసుకున్నారు.

మూత్రపిండం ఇవ్వొచ్చు. కాలేయంలో ముక్క ఇవ్వొచ్చు. కన్ను, గుండె, చివరికి ముఖం కూడా ఇవ్వొచ్చు. వృషణం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎందుకన్న ప్రశ్నకు జవాబు శస్త్రచికిత్స పుస్తకాల్లో దొరకదు. ఆస్తి తగాదాలు చూసిన తెలుగు ఇళ్లలో మాత్రం దానికి దగ్గరి మాటలు రెండు ఎప్పటినుంచో ఉన్నాయి. తన రెక్కల కష్టంతో కొన్న ఎకరాన్ని మనిషి ఎవరికైనా రాసివ్వొచ్చు. తాతలనాటి పొలాన్ని అలా ఇవ్వడానికి లేదు, పుట్టిన కొడుక్కీ పుట్టబోయేవాడికీ దాంట్లో వాటా ఉంది. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో స్థిరపరిచిన సూత్రం ఇది. తిక్కన సమకాలికుడైన కేతన పదమూడో శతాబ్దంలోనే ఆ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మరి దేహంలోనూ ఈ రెండు ఖాతాలూ ఉన్నాయా? కిడ్నీ స్వార్జితం, బీజం పిత్రార్జితమా?

ధర్మశాస్త్రం దానాన్ని నిర్వచించిన తీరు కూడా ఆస్తి భాషలోనే ఉంటుంది. ఒక వస్తువు మీద తన హక్కు వదులుకుని, ఎదుటివాడి హక్కు పుట్టించడం దానం. ఇది నాది కాదు అని పలికి నీళ్లు ధారపోసేది అందుకే. అలా వదులుకోవాలంటే ముందు అది తనదై ఉండాలి. అవయవదానంలో మొదటి చిక్కు అక్కడే వచ్చింది.

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. ఇద్దరికీ ఇరవై మూడేళ్లు. నిలిచి పనిచేసిన మొట్టమొదటి కిడ్నీ మార్పిడి అదే. వాళ్లు నిజంగా ఒకే అండం నుంచి పుట్టిన కవలలేనా అని రూఢి చేసుకోవడానికి ఒకరి చర్మం ముక్కను మరొకరికి అతికించి చూశారు, పోలీసుల చేత వేలిముద్రలు కూడా తీయించారు. ఆపరేషన్ ముందు రాత్రి రిచర్డ్ సోదరుడికి చీటీ పంపాడు, ఇక్కడినుంచి ఇంటికి వెళ్లిపో అని. తాను ఎక్కడికీ కదలనని రోనాల్డ్ తిరుగు చీటీ రాశాడు. దాత తన ఇష్టంతో ఇస్తున్నాడనడానికి ఏ అఫిడవిట్టూ ఇంతకంటే బాగా సాక్ష్యం చెప్పలేదు.

మర్రే కాథలిక్కు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పొట్ట కోసి, అతనికి ఏ మేలూ చేయని ఆపరేషన్ చేయవచ్చా అని అతని బృందం వేర్వేరు మతాల పెద్దలను సంప్రదించింది. కాథలిక్ నీతిశాస్త్రంలో ఒక పాత నియమం ఉంది: అంగం ఉన్నది మొత్తం శరీరం కోసం. కుళ్లిన కాలును ప్రాణం కోసం తీసేయొచ్చు, బాగున్న అంగాన్ని తీసి పక్కవాడికి ఇవ్వడానికి మనిషి తన దేహానికి యజమాని కాదు, కాపలాదారు మాత్రమే. ఈ గోడకు కన్నం పెట్టడానికి బెర్ట్ కన్నింగ్‌హామ్ అనే మతాచార్యుడు 1944లోనే ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. పదేళ్లు గడిచాక జెరాల్డ్ కెల్లీ అనే జెసూట్ దారి ఇంకాస్త వెడల్పు చేశాడు. పొరుగువాడి మీద ప్రేమ అందుకు తగిన కారణమే అన్నది వీళ్ల వాదన. రెండు కిడ్నీల్లో ఒకటి పోతే లెక్క తగ్గుతుంది గాని పని తగ్గదన్న వివరణ కూడా ఈ చర్చలోంచే బలపడింది. రిచర్డ్ కోలుకుని, తనకు సేవ చేసిన నర్సునే పెళ్లాడి, ఇద్దరు బిడ్డల తండ్రై, 1963లో కన్నుమూశాడు. రోనాల్డ్ ఒక్క కిడ్నీతో 2010 దాకా బతికాడు. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గర అవయవదాన సభ ఎక్కడ పెట్టినా దధీచి, శిబి చక్రవర్తి, కాళహస్తి తిన్నడు వేదిక మీదికి వచ్చేస్తారు. పోలిక బాగానే ఉంటుంది గాని, కాస్త గీకి చూస్తే అందులో చాలా తేడాలు బయటపడతాయి. దధీచి ఎముకల కోసం ప్రాణమే విడిచాడు. బతికున్న దాత ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే నేటి యూరాలజిస్టు ఆపరేషన్‌కే ఒప్పుకోడు. శిబి కథలో మాంసాన్ని త్రాసులో తూచారు. అవయవానికి వెల కట్టడాన్ని నేటి చట్టం నేరమంటుంది. ముగ్గురిలోనూ తిన్నడే కొంత దగ్గరివాడు, ఎందుకంటే మొదటి కన్ను ఇచ్చాక రెండోదాని దగ్గర శివుడే చెయ్యి పట్టి ఆపాడు. జతలో ఒకటి చాలు అన్న ఆ లెక్క ఇవాళ కిడ్నీ దాతకూ వర్తిస్తుంది.

పురాణాల కంటే పొడిపొడిగా ఉండే నారదస్మృతి ఈ విషయంలో ఎక్కువ ఉపయోగపడుతుంది. అందులో దత్తాప్రదానికం అని ఒక ప్రకరణం ఉంది. ఏవి ఇవ్వదగినవి, ఏవి ఇవ్వకూడనివి, ఇచ్చినా ఏ దానం చెల్లదు అన్నవన్నీ అక్కడ వకీలు చెప్పినట్టు చెబుతాడు. ఇవ్వకూడని వాటిలో ఇతరులు దాచుకోమని ఇచ్చిన సొత్తు ఉంది, తాకట్టు ఉంది, పదిమంది ఉమ్మడి సొత్తు ఉంది, కొడుకు ఉన్నాడు. వృషణాన్ని ఈ జాబితాలో పెట్టి చూస్తే దేంట్లో చేరుతుంది? ముందుతరం ఒప్పజెప్పింది, రాబోయే తరానికి చేర్చాల్సింది, మధ్యలో ఉన్నవాడు అనుభవించేదే తప్ప పూర్తిగా తనదనలేనిది. ఉమ్మడి సొత్తుకు అంతకంటే వేరే లక్షణాలేముంటాయి?

విశేషమేమిటంటే, ఒకరి పుస్తకం ఒకరు చదవని సంప్రదాయాలు ఈ గీత దగ్గరే వచ్చి ఆగాయి. ఇస్లామిక్ దేశాల ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ 1988లో జెడ్డాలో సమావేశమై, షరతులతో అవయవ మార్పిడి ధర్మసమ్మతమే అని తీర్మానించింది. 1990లో మళ్లీ అక్కడే కూర్చుని, వృషణం, అండాశయం మాత్రం మార్చకూడదని తేల్చింది. అవి వంశ లక్షణాలను మోసుకెళ్తాయన్నదే కారణం. వాటికన్‌కు చెందిన మండలి 1995లో వైద్యసిబ్బంది కోసం వెలువరించిన నియమావళిలో, ఇవ్వకూడనివిగా మెదడును, బీజగ్రంథులను పక్కపక్కన పేర్కొంది. మెదడు నేనెవరో చెప్పేది, బీజం నా తరువాత ఎవరో చెప్పేది. ఆ జంట ఊరికే కుదిరింది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి. వీర్యదానం భారతదేశంలో చట్టబద్ధమే కదా? 2021 నాటి సంతాన సాఫల్య చట్టం బ్యాంకులకు అనుమతి ఇచ్చింది, ఒక దాత బీజాన్ని ఒక్క జంటకు మించి ఇవ్వకూడదని కట్టడి కూడా పెట్టింది. బీజం ఇవ్వగలిగినవాడు వృషణం ఎందుకివ్వకూడదు? బతికున్నవాడు తెలిసి, ఒక్కసారి, ఒక్క జంటకు ఇవ్వడం పంటలో బస్తా ఇవ్వడం వంటిది. వృషణం ఇవ్వడమంటే పొలమే రాసివ్వడం. అది ఏళ్ల తరబడి పండుతూనే ఉంటుంది, ఇచ్చినవాడి మాటతో పనిలేకుండా. ఈ తేడా తర్కానికి నిలుస్తుందనే అనిపిస్తుంది.

అయితే పొలం అన్నదమ్ముల మధ్యే మారితే? 1977లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో షెర్మన్ సిల్బర్ అనే సర్జన్ సరిగ్గా ఆ పనే చేశాడు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకడికి పుట్టుకతోనే వృషణాలు లేవు, రెండోవాడు తన జతలో ఒకటి ఇచ్చాడు. 2019 డిసెంబర్‌లో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో అలాంటి కవలలకే మరోసారి ఆ ఆపరేషన్ జరిగింది. ఇద్దరి జన్యువులూ ఒక్కటే కాబట్టి పుట్టబోయే బిడ్డ ఎవరి వంశమన్న పేచీ లేదు. మితాక్షర కూడా ఉమ్మడి ఆస్తిని కదిలించడానికి కొన్ని తలుపులు తెరిచే ఉంచింది: ఆపద వచ్చినప్పుడు, కుటుంబం కోసం, ధర్మకార్యం కోసం. అవిభక్త సోదరుల మధ్య జరిగింది దానం కూడా కాదు, సర్దుబాటు. బాల్టిమోర్‌లో అభ్యంతరమైనది బెల్‌గ్రేడ్‌లో కాకపోవడానికి కారణం ఆపరేషన్‌లో లేదు, చుట్టరికంలో ఉంది.

ఇచ్చేవాడి సంగతి ఇలా ఉంటే, పుచ్చుకునేవాడి సంగతి ఇంకా తిరకాసు. దానం ఇవ్వడం పుణ్యమే గాని పట్టడం ప్రమాదమని స్మృతులు పదేపదే హెచ్చరిస్తాయి. శనిదానం పట్టడానికి మనిషి దొరక్క ఇబ్బంది పడ్డ ఇళ్లు మనకు కొత్తకాదు. 2006లో చైనాలోని గ్వాంగ్‌జౌలో, ప్రమాదంలో పురుషాంగం కోల్పోయిన ఒకతనికి వేరొకరిది అమర్చారు. శస్త్రచికిత్సగా చూస్తే అది ఫలించింది. రెండు వారాలకే భార్యాభర్తలిద్దరూ మనసులో తట్టుకోలేకపోవడంతో దాన్ని తీసేయాల్సి వచ్చింది. దాత హక్కు పోయింది, గ్రహీత హక్కు పుట్టలేదు. దానం సగంలో ఆగిపోయింది.

కిడ్నీ విషయంలో మనసు ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోదు. కొత్త అవయవం పరాయిదని రక్తంలోని తెల్లకణాలు పసిగడతాయి. వాటిని జోకొట్టడానికి రోజూ మందులు వేసుకోవాలి, కిడ్నీ పనిచేసినన్నాళ్లూ. 1978లో రాయ్ కాన్ అనే సర్జన్ కేంబ్రిడ్జిలో సైక్లోస్పోరిన్ అనే మందును రోగులకు వాడి చూశాకే ఈ చికిత్స గట్టిపడింది. కానీ పరాయిదాన్ని పట్టుకునే కాపలానే క్యాన్సర్ కణాల మీదా కన్నేసి ఉంచేది. దాన్ని నిద్రపుచ్చితే కణితులు పెరుగుతాయి. మార్పిడి జరిగినవాళ్లలో క్యాన్సర్లు మామూలుకంటే ఎక్కువగా వస్తున్నాయని 1960ల చివర్లో డెన్వర్‌లో ఇజ్రాయెల్ పెన్ అనే సర్జన్ గమనించి, కేసుల చిట్టా మొదలుపెట్టాడు. తరువాత సిన్సినాటిలో అది ఈ రంగానికంతా ఆధారగ్రంథమంత అయింది.

ఆ తొలిరోజుల కేసుల్లో ఒక వింత ఉంది. దాతకు క్యాన్సర్ ఉన్నట్టు తెలియక అమర్చిన కిడ్నీతో పాటు ఆ క్యాన్సర్ కూడా గ్రహీతలోకి దిగింది. డాక్టర్లు మందులు ఆపేశారు. కాపలా మేలుకుని కిడ్నీని తిరస్కరించింది, దానితో పాటు పరాయి క్యాన్సర్‌నూ తరిమేసింది. సొంత ఒంట్లో పుట్టిన కణితిని గుర్తించలేక చేతులెత్తేసే శరీరం, పక్కవాడి కణితిని ఇట్టే గుర్తుపట్టింది. నాది, పరాయిది అన్న తేడా మీద వేదాంతులు ఎంత చర్చించారో గాని, ఇంత చేదు ఉదాహరణ వాళ్లకు దొరికి ఉండదు.

2016 మేలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి అమెరికాలో తొలి పురుషాంగ మార్పిడి చేసినప్పుడు ఈ భయమే డాక్టర్ల ముందు కూర్చుంది. గ్రహీత అరవై నాలుగేళ్ల మనిషి. అంగాన్ని తీసేయాల్సి వచ్చింది క్యాన్సర్ వల్లే. ఇప్పుడు కొత్తదాని కోసం వేసే మందులు ఆ క్యాన్సర్‌కే దారి ఇస్తే? కిడ్నీ లేకపోతే డయాలసిస్ అనే తాడు మీద నడవాలి, అందుకని ముప్పును భరించడంలో అర్థం ఉంది. పురుషాంగం లేకపోతే ప్రాణం పోదు. ప్రాణం పోదు కదా అన్న ఆ మాట ఎదుటివాళ్లు అన్నంత తేలిగ్గా బాధపడేవాడు అనుకోలేడు. తన కథను అతను దాచుకోకుండా లోకం ముందు పెట్టాడు. మగవాళ్లు ఈ జబ్బును సిగ్గుతో కప్పిపెట్టి, ముదరబెట్టుకుని వచ్చే దేశాల్లో అది చిన్న సాయం కాదు.

కణితి, మార్పిడి కలిసిన చోట అన్నిటికంటే పదునైన ప్రశ్న మాత్రం ఆస్ట్రేలియాలో పుట్టింది. 1996 నుంచి బ్రిస్బేన్‌లో డేవిడ్ నికోల్ అనే యూరాలజిస్టు, కిడ్నీలో మూడు సెంటీమీటర్ల లోపు కణితి ఉండి, మొత్తం కిడ్నీ తీయించుకోవడానికి నిర్ణయించుకున్నవాళ్ల దగ్గర ఆ కిడ్నీని అడిగి తీసుకునేవాడు. కణితిని కోసి పారేసి, అంచులు శుభ్రమని పరీక్షించి, బాగుచేసిన కిడ్నీని వయసు మళ్లినవాళ్లకు, డయాలసిస్ మీద ఎక్కువకాలం నిలవలేరనుకున్నవాళ్లకు అమర్చాడు. నలభైకి పైగా రోగుల్లో ఒక్కరికే, అదీ తొమ్మిదేళ్ల తరువాత, కణితి మళ్లీ కనిపించింది.

వినగానే కఠోపనిషత్తు గుర్తుకొస్తుంది. వాజశ్రవసుడు సర్వస్వం దానం చేస్తానని యాగం చేసి, పాలు పిండడం అయిపోయిన, ఇక గడ్డి కూడా మేయలేని ముసలి ఆవులను ఇచ్చాడు. అది చూసి మనసు చివుక్కుమన్న కొడుకు నచికేతుడు, నన్నెవరికిస్తావని తండ్రిని నిలదీసి, యముడి గుమ్మం దాకా వెళ్లాడు. తనకు అక్కర్లేని రోగిష్టి కిడ్నీని ఇవ్వడం ఆ ఆవులను తోలడం వంటిదేనా? కాదు. వాజశ్రవసుడి తప్పు ఆవుల వయసులో లేదు, వట్టిపోయినవాటిని సర్వస్వం పేరుతో చెల్లించుకోవడంలో ఉంది. బ్రిస్బేన్‌లో గ్రహీతకు అన్నీ చెప్పారు: కణితి ఎంత ఉండేది, తిరిగి రావడానికి అవకాశమెంత, వద్దంటే ఏమవుతుంది. తెలిసి పుచ్చుకున్నదాన్ని వట్టి ఆవు అనడానికి లేదు. నిజానికి మరణించిన దాతలందరూ ఇచ్చేది తమకిక అక్కర్లేనిదే, దాన్ని ఎవరూ చులకన చేయరు.

చెల్లని దానం కూడా ఒకటి ఉంది. భయంతో ఇచ్చింది, శోకంలో ఇచ్చింది, ఒత్తిడికి లొంగి ఇచ్చింది, స్వతంత్రం లేనివారు ఇచ్చింది దానమే కాదంటాడు నారదుడు. ఈ కొలత మన కిడ్నీ దానాలకూ వర్తిస్తుంది. భారతదేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి నిలదొక్కుకుంది. 1994లో పార్లమెంటు చట్టం చేసింది, 1995లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం తెచ్చుకుంది. ఈ మూడు దశాబ్దాల్లో బతికుండి అవయవమిచ్చినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. పుచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఇచ్చేది ఎక్కువగా భార్యలు, తల్లులు. వీళ్ల ప్రేమను అనుమానించాల్సిన పనిలేదు, కానీ ఇంట్లో సంపాదించేవాడు మంచం పట్టినప్పుడు ఆమె ‘వద్దు’ అనగలిగే స్థితిలో ఉందా అన్నది అడగాల్సిందే. 2014 నిబంధనలు ఆ అనుమానాన్ని రాతలో పెట్టాయి: దాత స్త్రీ అయితే, గ్రహీత కాని మరొకరి ద్వారా ఆమె సమ్మతిని విడిగా నిర్ధారించుకోవాలి. స్త్రీకి స్వాతంత్ర్యం లేదని రాసుకున్న స్మృతుల లెక్కన ఈ దానాల్లో ఎక్కువ భాగం చెల్లకూడదు. చెల్లుతున్నాయి, ఆ ఇళ్లు నిలబడుతున్నాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సొంతవాళ్లు ఇచ్చే ఆ దారి కూడా మూసుకుపోతుంది. కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురిని పట్టి ఉంటుంది. అన్నకు ఇవ్వాల్సిన తమ్ముడికీ అదే జబ్బైతే రక్తసంబంధం దేనికీ అక్కరకు రాదు, ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎవరో ముక్కూమొహం తెలియని బ్రెయిన్‌డెడ్ దాత కోసం ఎదురుచూడాలి. అక్కడ కూడా దాత బతికుండగా సంతకం చేసిన కార్డు ఒక్కటే చాలదు, ఆసుపత్రులు ఇంటివాళ్ల అంగీకారం లేకుండా ముందుకు వెళ్లవు. బతికినన్నాళ్లూ స్వార్జితమైన దేహం చనిపోగానే కుటుంబం ఆస్తి అయిపోతుందన్నమాట.

ఆస్తి అన్న ఈ మాట ఉపమానంగానే మిగిలిపోలేదు, న్యాయస్థానానికీ వెళ్లింది. యువకుల్లో వచ్చే వృషణ క్యాన్సర్ ఒకప్పుడు ముదిరితే చావే. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టర్ సిస్‌ప్లాటిన్‌ను వేరే మందులతో కలిపి వాడాక, వ్యాపించిన దశలో కూడా చాలామంది బతుకుతున్నారు. అయితే కీమోథెరపీ బీజాన్ని దెబ్బతీయగలదు కాబట్టి, చికిత్సకు ముందే వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకోమని డాక్టర్లు చెబుతారు. ఇతర క్యాన్సర్లు వచ్చిన కుర్రాళ్లకూ అదే సలహా. ఢిల్లీలో లింఫ్ క్యాన్సర్ సోకిన ఒక అవివాహిత యువకుడు 2020లో అలాగే దాచుకుని, కొద్ది నెలలకే చనిపోయాడు. ఆ నమూనా మాకివ్వండని తల్లిదండ్రులు అడిగితే ఆసుపత్రి ఇవ్వలేదు. కేసు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2024 అక్టోబర్‌లో తీర్పు వచ్చింది: వీర్యం ఆస్తే, భార్యాబిడ్డలు లేని హిందువుకు అమ్మానాన్నలే వారసులు, కాబట్టి ఇచ్చేయాలి, వ్యాపారానికి మాత్రం వాడకూడదు.

మితాక్షర లెక్కలో పిత్రార్జితం కిందికి దిగుతుంది, తండ్రి నుంచి కొడుక్కి. ఇక్కడ బీజం కొడుకు నుంచి తండ్రికి ఎదురెక్కింది. పుట్టబోయే బిడ్డకు నాయనమ్మ, తాతయ్యలే తల్లీ తండ్రీ అవుతారు. తాము లేకపోతే ఆ బిడ్డ బాధ్యత తమ కూతుళ్లదని వాళ్లు కోర్టుకు హామీ ఇచ్చారు. ఆ కొడుకు బీజం దాచుకున్నది బతికి, పెళ్లి చేసుకుని, తండ్రి కావాలని. తాను పోయాక కూడా తండ్రి కావాలనుకున్నాడా అన్నది అతను ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ ప్రశ్నతోనే బాల్టిమోర్ సర్జన్లు వెనక్కి తగ్గారు, ఢిల్లీ న్యాయస్థానం ముందుకు వెళ్లింది. రెండు నిర్ణయాల వెనకా దయ ఉంది. కానీ హాప్కిన్స్ వాళ్లకు ఎదురుగా ఉన్నది పేరు తెలియని దాత వంశం, హైకోర్టుకు ఎదురుగా ఉన్నది కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు.